కాకి లేని సముద్రం

మాయాబందర్ జెట్టీకి దిగే మలుపులో దయావతి మూటను మళ్ళీ కిందికి దించింది. గోనెసంచిలో చుట్టి తాడు బిగించిన కుట్టుమిషను అది. కాళ్ళూ బల్లా లేని ఒట్టి తలకాయ. ఇంటి దగ్గర ఎత్తుకున్నప్పుడు చంటిపిల్లంత బరువుంది, బురదలో ఇంత దూరం నడిచేసరికి దూడంత అయింది. కింద జెట్టీ చూస్తే ఖాళీ. లాంచీ ఇంజను మూలపడిందని, ఎప్పటికి బాగవుతుందో దేవుడికే తెలియాలని, తాడు చుట్టుకుంటున్న ఖలాసీ ఒకడు హిందీలో కేకేసి చెప్పాడు.

దేవుడికి తెలిస్తే సరిపోదు. ఎదురు దీవిలో అక్క మేరమ్మ ఉంది. అక్కడి చిన్న చర్చిలో క్రిస్మస్‌కు పాటలు పాడే పిల్లలకు బట్టలు కుట్టాలి. గుడ్డ అక్కడుంది, మిషను ఇక్కడుంది, నడుమ సముద్రం ఉంది. దయావతి మూటకేసి చూసి, కన్నతల్లి వింటే చెవులు మూసుకునే మాట ఒకటి అంది.

"బాగా తిట్టేవు సెల్లెమ్మా. ఏనుగు పిల్లనేటి మోస్తున్నావు?"

భుజాన రెండు తెడ్లు వేసుకుని ఒక మనిషి పైనుంచి దిగి వస్తున్నాడు. యాభై దాటిన వయసు. తువ్వాలు తలకు చుట్టాడు. ఎండకీ ఉప్పుకీ ఒళ్ళంతా ఎండుచేపలా ముడుచుకుపోయింది, పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"కుట్టుమిషను, భయ్యా."

"భయ్యా ఏటి? తెలుగులో తిడతన్నావు గదాని ఆగేను. అన్నా అంటే నోరు అరిగిపోతాదా?"

అలా దొరికాడు జోగులు. అతను వెళ్ళేదీ ఆ దీవికే. అక్కడి ఆసామి ఒకడి డోంగీ, చిన్న చెక్క పడవ, చిల్లుపడి మరమ్మతుకు వచ్చింది, దాన్ని తిరిగి అప్పజెప్పాలి. ముందురోజు దాకా రెండు రోజులు తుపాను తోక విదిలించింది గాని, ఇప్పుడు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. పడమట మబ్బు మాత్రం ఇంకా విడలేదు. దయావతి ఆ మబ్బును చూసింది, చిన్న డోంగీని చూసింది, మిషనును చూసింది.

"పర్వాలేదా అన్నా?"

"గట్టు మీది కొండ కనిపించినంత మేరే నేను ఎల్తాను. కొండ దాటి ఎల్లను. ఈ అండమాన్లో నన్ను సూసి అందరూ నవ్వేది అందుకే. దాన్ని నడిమజ్జిన పెట్టు, తూకానికి పనికొస్తాది."

ఆమె వెనక కొసన కూర్చుంది. జోగులు ఆమెకు ఎదురుగా, వెళ్ళే వైపు వీపు పెట్టి కూర్చుని తెడ్లు వేశాడు. తెడ్లు వేసేవాడి బతుకే అంత. వదిలేసి వచ్చిందంతా కళ్ళెదుట ఉంటుంది, వెళ్ళేది వెనకాల ఉంటుంది.

వదిలేసి వచ్చింది కళింగపట్నం దగ్గర ఒక పల్లె. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకు, అండమాన్‌లో చేపలు పట్టేవాళ్ళు కావాలంటే ఆ పల్లె నుంచి కొన్ని కుటుంబాలు ఓడెక్కాయి. జోగులు భార్య కాళమ్మను, వల ఒకటిని, తండ్రి చెక్కిన తెడ్లను వెంట తెచ్చుకున్నాడు. ఓడ దిగిన రేవుకు ఎదురుగట్టున హోప్ టౌన్‌లో మొదట చోటిచ్చారు. ఓడ దిగగానే కాళమ్మ నాలుగు దిక్కులా చూసి అడిగిన మొదటి మాట అన్నం గురించీ కాదు, ఇంటి గురించీ కాదు.

"కాకులేవి మావా, అంది. సముద్రపు కాకులు. ఇన్ని నీళ్ళున్నాయి, ఇన్ని సేపలున్నాయి, ఒక్క కాకి నేదు. కాకి నేని సముద్రం సముద్రమేటి సెల్లెమ్మా?"

"నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడే పెరిగాను కదా. ఆ తెల్లవి కావా?" కత్తెర తోకల చిన్న పిట్టలు నీళ్ళలోకి ముక్కు పొడుస్తూ పోతున్నాయి.

"ఛ. అవి దోమలు."

సముద్రపు కాకి అంటే ఊళ్ళో నల్లకాకి కాదు. పెద్ద బాతంత పక్షి, రెక్కలు చాపితే మనిషి చాపిన చేతులంత. మన తూర్పు తీరానికి చలికాలంలో వస్తుంది. ఎక్కడో మంగోలియా దాకా ఉన్న ఉప్పు సరస్సుల లంకల్లో ఇది గుడ్లు పెడుతుందని పక్షుల సంగతి తెలిసినవాళ్ళు రాశారు. అంటే పుట్టేటప్పుడు సముద్రం మొహం ఎరగదు, చలి పడ్డాక వెతుక్కుంటూ వస్తుంది. మొదటి ఏడాది గోధుమరంగు మచ్చలతో, ఉతికి ఆరేసిన గోనెలా ఉంటుంది. ఏడాదికి కొంచెంగా తెల్లబడుతూ నాలుగో ఏటికి గాని పెద్దరికం రాదు. వచ్చాక చలికాలం చివర తలంతా కాటుక పూసినట్టు నల్లబడుతుంది. చేప, పీత, చచ్చింది, పారేసింది, మరో పక్షి నోట్లోది, ఏదైనా తింటుంది. నడిసముద్రపు పక్షి మాత్రం కాదు, గట్టును నమ్ముకున్నది. పగలు పడవల వెంట ఎంత దూరం పోయినా పొద్దు వాలేసరికి ఇసుకతిన్నె మీదికి చేరుతుంది. జోగులు తండ్రి అప్పయ్య దీన్ని పుస్తకంలో చదవలేదు. మంచు కమ్మి గట్టు కనబడనప్పుడు తెప్పను కాకి వెనక మళ్ళించి కొడుకును ఇంటికి తెచ్చాడు, అంతే.

"మా అయ్య అనీవోడు, సాయంకాలం కాకి ఎటెల్తే ఇల్లు అటు, అని. ఇక్కడ ఎవుడు సూపిస్తాడు? అందుకే కొండ దాటను. కాకి జోగులంటారు నన్ను, అందరూ."

దయావతి నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే ఆఖరు.

సగం దారిలో పడమటి గాలి లేచింది. ముందు చల్లగా మెడకు తగిలింది. తర్వాత వాన, నీళ్ళ మీద నడిచివచ్చే గోడలా వచ్చింది. కొండ ఒక కొస నుంచి చెరిగిపోవడం దయావతి చూసింది. చెట్లు పోయాయి, వాలు పోయింది, చివరికి శిఖరం పోయింది. జోగులు తెడ్లు వేస్తూనే ఉన్నాడు. డోంగీ కొస పైకి లేచి, దబ్బున పడి, మళ్ళీ లేస్తోంది. ఆమె ఒక చేత్తో మిషనునూ, ఒక చేత్తో చెక్కనూ పట్టుకుని, కీర్తన ఒకటి నోట్లో మొదలుపెట్టి రెండో చరణం మరిచిపోయింది. చిన్నప్పటి నుంచి వచ్చిన పాట. భయానికి మొదట పోయేది అటువంటివే.

"నీళ్ళు తోడు!" అని అరిచాడు జోగులు. ఆమె సత్తు గిన్నెతో తోడింది. తోడింది, తోడింది. చేతులు తనవి కావనిపించేదాకా తోడింది.

వాన వెళ్ళిపోయింది. గాలి పలచబడింది. తల ఎత్తి చూస్తే ఎటు చూసినా నీళ్ళే. కొండ లేదు. ముందు లేదు, వెనక లేదు. ఆకాశం మూత పెట్టిన కుండలా ఉంది, సూర్యుడు ఎటున్నాడో తెలియదు. అలలు ఒక వైపు నుంచి కాకుండా రెండు మూడు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి.

"కొండ ఎటు అన్నా?"

జోగులు తెడ్లు నీళ్ళలోంచి ఎత్తి పట్టుకున్నాడు. చుట్టూ చూశాడు.

"అన్నా, ఎటు?"

"ఉండవే తల్లీ."

దయావతి సముద్రం చూసి అంత భయపడలేదు. ఈ మనిషికి తెలియదని తెలిసినప్పుడే అసలు భయం పుట్టింది. సీసాలో తాగే నీళ్ళు సగం ఉన్నాయి. చీకటి పడితే ఈ డోంగీ ఎటు కొట్టుకుపోతుందో ఊహించడానికి చదువు అక్కర్లేదు. తూర్పున బర్మా దాకా ఏముంది? నీళ్ళు.

అప్పుడు అరుపు వినిపించింది. బొంగురుగా, కీచుగా, ముసలివాడు దగ్గబోయి ఆగినట్టు. జోగులు మెడ విరిగేలా తిరిగాడు.

దూరంగా, నీళ్ళకు జానెడు ఎత్తులో, ఒక పెద్ద పక్షి తీరిగ్గా రెక్కలాడిస్తూ పోతోంది.

"కాకి!" అన్నాడు. గొంతు పిల్లాడి గొంతులా పగిలింది. "కాకి సెల్లెమ్మా! ఓలమ్మో, సముద్రపు కాకి! ఎన్నేళ్ళయింది! నే సెప్పలే? గట్టున్నాది! కాకి ఉన్నకాడ గట్టుంటాది!"

తెడ్లు నీళ్ళలో పడ్డాయి. డోంగీ గిరుక్కున తిరిగింది. జోగులు వీపు అటు, మొహం ఇటు. పక్షిని చూడాల్సింది దయావతే.

"ఎటెల్తంది? సెప్పు, సెప్పు!"

"కుడికి. ఇంకొంచెం కుడికి. హాఁ, సీదా."

ఆమెకు ఊపిరి వచ్చింది. అతను తెడ్లు వేస్తూ పల్లె సంగతులు చెబుతున్నాడు. చేపలు ఆరబెట్టిన చోట కాకులను తోలడానికి ముసలమ్మలను కూర్చోబెట్టేవాళ్ళట. ఒకసారి కాకి అప్పయ్య చుట్ట ఎత్తుకుపోయిందట. కాళమ్మకు చెబితే నమ్మదు, నువ్వే సాక్షివి అన్నాడు. దయావతి ఊఁ కొడుతూ పక్షినే చూస్తోంది.

"ఇప్పుడెటు?"

"ఎడమకి... అంటే, తిరుగుతోంది."

"సేప సూసుంటాది. మళ్ళీ పట్టుకుంటాది దారి."

తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఒకసారి నీళ్ళ మీద కూర్చుంది, డోంగీ దగ్గరయ్యేదాకా కూర్చునే ఉంది, లేచింది. వాళ్ళ నెత్తి మీదుగా ఒక చుట్టు వేసి మళ్ళీ ముందుకు పోయింది, మళ్ళీ ఆగింది. దయావతికి ఒక అనుమానం వచ్చింది. వీధిలో కొత్త కుక్కపిల్ల ఇలాగే చేస్తుంది. ముందు నడుస్తుంది, ఆగుతుంది, మనం వస్తున్నామా అని చూస్తుంది.

"అన్నా, ఒకసారి తెడ్లు ఆపు."

"ఆపితే ఎలా? పొద్దు వాలతంది."

"ఆపన్నా, చూద్దాం."

ఆపాడు. నీళ్ళు చెక్కకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్షి గాలిలో ఒంటి రెక్క మీద వాలి, వెనక్కు తిరిగి, నేరుగా వాళ్ళ మీదికి వచ్చింది. దయావతి తల వంచేసుకుంది. మళ్ళీ చూసేసరికి అది జోగులు వీపు వెనక, డోంగీ ముందు కొస మీద వాలి రెక్కలు సర్దుకుంటోంది. కాళ్ళు వణుకుతున్నాయి. పసుపు ముక్కు చివర నల్లటి పట్టీ. ఆ కొసన ఒక నీటిబొట్టు ఊరి, జారి, మళ్ళీ ఊరుతోంది.

"ఏడుస్తోందా అది?"

"కాదు," అన్నాడు జోగులు తిరక్కుండానే. "ఉప్పునీళ్ళే తాగుతాది. లోపలి ఉప్పు ముక్కులోంచి దించుకుంటాది. దానికి మంచినీళ్ళు అక్కర్నేదు."

మనకు కావాలి, అని ఇద్దరూ అనుకున్నారు.

తర్వాత అతను నెమ్మదిగా తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. రెక్కల మీద గోధుమ మచ్చలు, ఉతికి ఆరేసిన గోనె. దయావతికి అతని మెడ నరాలు మాత్రమే కనబడుతున్నాయి. అవి బిగుసుకోవడం చూసింది.

"ఏమయింది అన్నా?"

"ఈ ఏటి పిల్ల."

"అయితే?"

"ఈ ఏడు పుట్టింది సెల్లీ. దీనికి మన గట్టే సరిగ్గా తెల్దు. మొన్నటి తుపాను దీన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ పారేసింది. ఇది గట్టుకెల్తన్నాదని మనం దీని ఎనకాల పోయేం. మనమే గట్టనుకుని అది మన సుట్టూ తిరిగింది."

అతని చేతులు తెడ్ల మీద నుంచి జారిపోయాయి. పొద్దున్నుంచి ఎక్కడా తడబడని చేతులు ఇప్పుడు మోకాళ్ళ మీద ఊరికే పడి ఉన్నాయి. వాటిని చూడలేక దయావతి పైకి చూసింది. ఏడవకూడదనుకుంది. మబ్బు అడుగున వెలుతురు పల్చనైపోతోంది. చీకటి రావడానికి ఇంకెంతో సేపు లేదు. ప్రభువా, అంది.

పైన ఏదో పోతోంది. వెడల్పాటి రెక్కలు, తెల్లటి పొట్ట. కాళ్ళ కింద తాడులా ఏదో వేలాడుతూ మెలికలు తిరుగుతోంది.

"గద్ద," అంది, భయంలో నోటికి వచ్చిన మాట. "పాముని పట్టుకెళ్తోంది."

జోగులు తన మోకాళ్ళకేసే చూస్తున్నాడు.

"అక్కడే తినెయ్యొచ్చు కదా. మోసుకెళ్తోంది. పిల్లలకి." ఆ మాట తన నోటివెంట వచ్చాక తనే విని, లేచి నిలబడబోయింది, డోంగీ ఊగితే కూలబడింది. "అన్నా! మా నాన్న ఇంటి వెనక పెద్ద చెట్టు మీద వీటి గూడుండేది. ఏటా అదే గూడు. కింద పాము ఎముకలు, చేప తలలు, ఒకటే కంపు. చెట్టు కొట్టించమని మా అమ్మ పోరు పెట్టేది. పిల్లలున్నప్పుడు దొరికింది దొరికినట్టు ఇంటికే తెస్తుంది. ఇంటికి, అన్నా!"

"గద్దని నమ్మి పడవ తిప్పిన పల్లెవోడిని ఎక్కడైనా సూసేవా? మా కాడ గద్ద ఎల్లేది సేపలబజారుకి."

"ఇది మీ కాడ కాదు కదా!"

గద్ద దూరమైపోతోంది. మబ్బులో తెల్లచుక్క అయింది. దయావతి దానికేసి చెయ్యి చాపింది. జోగులు ఆ చెయ్యి చూశాడు, తల తిప్పి ముందు కొస మీది పిల్లకాకిని చూశాడు. అది ఒక కన్ను మూసి, మెడ ముడుచుకుని కూర్చుంది, ఇల్లు చేరిపోయినట్టు. వదిలెయ్యాల్సిన దాన్ని వదలడానికి అతనికి ఎంతసేపు పట్టిందో గాని, దయావతికి అది ఒక జన్మలా అనిపించింది.

"సెయ్యి దించకు," అన్నాడు. "అది మాయమైన సోటు నుంచి కన్ను తియ్యకు. సెయ్యి దించేవంటే సచ్చేం."

తెడ్లు పడ్డాయి.

ఆమె చెయ్యి చాపి కూర్చుంది. అతను వెనక్కు చూడలేదు, ఆ చేతినే చూస్తూ తెడ్లు వేశాడు. చెయ్యి బరువెక్కింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. చివరికి కుట్టుమిషనును ఒళ్ళోకి లాక్కుని దాని మీద మోచెయ్యి ఆనించింది. గద్ద ఎప్పుడో కనబడకుండా పోయింది. తను చూపిస్తున్నది అది పోయిన చోటునా, లేక తన భయం కోరుకుంటున్న చోటునా? తెలియదు. చెబితే అతను ఆగిపోతాడు. కనుక చెప్పలేదు. అలలు నల్లబడుతున్నాయి. ఒకసారి నల్లటి గీత కనబడి గుండె ఎగిరింది, అది మబ్బు. మరోసారి కనబడింది, అదీ మబ్బే. ఆ తర్వాత కనబడినా నమ్మలేదు.

"ఏటైనా ఉన్నాదా?"

"లేదు. వెయ్యి."

"సెయ్యి వణుకుతంది."

"నీది వణకట్లేదా? వెయ్యన్నా."

మొదట వాసన వచ్చింది. మడచెట్ల బురద, కుళ్ళిన ఆకు. ఎప్పుడూ ముక్కు మూసుకునే వాసన. దయావతి దాన్ని గుండెల నిండా పీల్చింది. ఆ వెనకే నల్లగీత మళ్ళీ కనబడి, ఈసారి కరిగిపోకుండా నిలబడి, చెట్లయింది. వాటి మీద ఎక్కడో గద్ద కంచు పగిలినట్టు అరుస్తోంది. చెట్ల పక్కన పొయ్యి పొగ.

డోంగీ అడుగు ఇసుకకు రాసుకుంది. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. దయావతి మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఒడ్డుకెళ్ళి, ఇసుక మీద బోర్లా పడుకుంది. నేల కూడా కాసేపు ఊగింది. లేచేసరికి జోగులు డోంగీని లాగి చెట్టుకు కట్టేసి, మిషనును తెచ్చి ఆమె పక్కన పెట్టి ఉన్నాడు. కాకిపిల్ల కొస మీద నుంచి ఇసుకలోకి దూకి, గాలికి ఎదురు తిరిగి నిలబడింది. అతను రొంటినున్న ఎండుచేప తుంపి దాని ముందు పడేశాడు. అది మింగింది. ఇంకా అన్నట్టు చూసింది.

"పొగ అటు కనబడుతోంది, మా అక్క వాళ్ళ వైపే అయ్యుంటుంది," అంది దయావతి, మూట తాడు బిగిస్తూ. నోరు ఆగడం లేదు. "మా అక్క చేపల పులుసు బాగా పెడుతుంది. ముందు తిడుతుంది, తర్వాత పెడుతుంది. నువ్వు తిని పడుకుని పొద్దున్న వెళ్ళు. కాళమ్మ వదినకి నేనే సాక్షిని, కాకి వచ్చిందని నేను చెబుతాను. విన్నావా అన్నా?"

తల తిప్పింది. తండ్రి చెక్కిన తెడ్లు డోంగీలోనే ఉన్నాయి. జోగులు తువ్వాలు భుజాన వేసుకుని, పొగ ఉన్న వైపు కాకుండా, గద్ద అరుపు వినిపించిన పెద్దచెట్ల వైపు ఒడ్డు వెంట నడుస్తున్నాడు. అడుగు కింద చూసుకోవడం లేదు. వేర్లు తగిలి తూలుతున్నాడు, అయినా తల దించడం లేదు. ఒక్కో చెట్టు కింద ఆగి కొమ్మల్లోకి చూస్తున్నాడు, మళ్ళీ నడుస్తున్నాడు.

"అన్నా!" అని పిలిచింది.

అతను తిరిగి చూడలేదు. మరో చెట్టు కింద ఆగాడు, పైకి చూశాడు, మలుపు తిరిగిపోయాడు.